ఎముక స్లైడ్‌ను చదవడం ఎలా? మైక్రోస్కోప్ కింద ఎముక కణజాలానికి ఒక సమగ్ర మార్గదర్శి

ఎముక స్లైడ్ చేతికి రాగానే చాలామంది గుండ్రటి వలయాలు వెతుకుతారు. అవి కనిపించగానే పక్కన ‘ఆస్టియాన్’ (రక్తనాళపు దారి చుట్టూ పొరలు పొరలుగా కట్టిన ఎముక స్తంభం) అని రాసి, నాలుగు బాణాలు గీసి, తర్వాతి స్లైడ్‌కు వెళ్ళిపోతారు. నేనూ మొదట్లో అలాగే చూశాను. ఆ వలయాల్లో ఏది ముందు పుట్టింది, ఏది దాన్ని తొలిచి వచ్చింది అని అడగడం మొదలుపెట్టాకే స్లైడ్ నాకు అర్థమైంది. ఎముక తనను తాను తొలుచుకుంటూ, తొలిచిన చోటును పూడ్చుకుంటూ ఉంటుంది. ఆ తవ్వకం, పూడిక రెండింటి గుర్తులూ స్లైడ్ మీద మిగిలిపోతాయి. ఆ గుర్తులను వరుసగా ఎలా చదవాలో ఇక్కడ చెబుతున్నాను.

కావలసినవి మామూలు కాంపౌండ్ మైక్రోస్కోప్, 4, 10, 40 రెట్ల ఆబ్జెక్టివ్‌లు, కాగితం, పెన్సిల్. పోలరైజింగ్ ఫిల్టర్ ముక్కలు రెండు దొరికితే ఇంకా మంచిది.

మొదటి అడుగు: మీ దగ్గర ఉన్నది ఏ రకం స్లైడ్?

ఇది తేల్చుకోకుండా ముందుకు వెళ్ళకండి. ఎముక బరువులో దాదాపు మూడింట రెండు వంతులు ఖనిజమే. దాన్ని మామూలు కణజాలంలా బ్లేడుతో పలుచగా కోయడం కుదరదు. అందుకే రెండు దారులున్నాయి. ఒక్కో దారి ఎముకలోని ఒక సగాన్ని చూపించి, ఇంకో సగాన్ని పోగొడుతుంది.

మొదటిది అరగదీసిన స్లైడ్, అంటే గ్రౌండ్ సెక్షన్. ఎండిన ఎముక నుంచి పలుచటి బిళ్ళను సన్నని రంపంతో కోసి, నీటితో తడిపిన గరుకు కాగితం మీద రెండు వైపులా రుద్దుతారు. ముందు గరుకుది, తర్వాత నునుపుది వాడుతూ బిళ్ళ 50 నుంచి 100 మైక్రాన్ల మందానికి వచ్చేదాకా అరగదీస్తారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. బిళ్ళను అచ్చు కాగితం మీద పెడితే అక్షరాలు స్పష్టంగా చదవగలగాలి. ఇందులో ఖనిజం పదిలంగా ఉంటుంది కానీ కణాలు ఎప్పుడో ఎండిపోయి పోయాయి. వాటి ఖాళీ గదులే మిగిలాయి.

రెండోది ఖనిజాన్ని కరిగించి తీసేసిన స్లైడ్, అంటే డీకాల్సిఫైడ్ సెక్షన్. ఎముకను ఫార్మాలిన్‌లో స్థిరపరిచి, ఆమ్లంలోనో, కాల్షియాన్ని లాగేసే ఈడీటీఏ ద్రావణంలోనో నానబెడతారు. నైట్రిక్ ఆమ్లం గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో పని ముగిస్తుంది. ఫార్మిక్ ఆమ్లానికి రోజులు పడుతుంది. ఈడీటీఏకు వారాలు కావాలి కానీ కణాలను అదే అన్నిటికన్నా పదిలంగా ఉంచుతుంది. మెత్తబడ్డ ఎముకను మైనంలో పొదిగి, 4 నుంచి 5 మైక్రాన్ల మందంతో కోసి, హెమటాక్సిలిన్, ఇయోసిన్ (క్లుప్తంగా హెచ్ అండ్ ఈ) రంగులు వేస్తారు. ఇందులో కేంద్రకాలు నీలంగా, ఎముకలోని ప్రోటీన్ పోగులైన కొల్లాజెన్ గులాబీ రంగులో కనిపిస్తాయి. ఖనిజం మాత్రం ఉండదు.

గుర్తుపట్టడం తేలిక. గోధుమ లేదా బూడిద రంగు నేపథ్యం మీద సాలీడు ఆకారపు నల్లటి చుక్కలు కనిపిస్తే అది అరగదీసినది. గులాబీ నేపథ్యం మీద నీలి కేంద్రకాలు కనిపిస్తే ఖనిజం తీసేసినది. ఆ నల్ల చుక్కల గురించి ఒక మాట. అవి కణాలు కావు. ఖాళీ గదుల్లో చిక్కుకున్న గాలి, అరగదీసిన ధూళి వెలుతురును అడ్డుకోవడం వల్ల నల్లగా కనబడుతున్నాయి. అందుకే ఈ స్లైడ్ మీద అద్దం అతికించడానికి చిక్కని రెసిన్ వాడాలి. పలుచటి ద్రవం వాడితే అది గదుల్లోకి, సన్న దారుల్లోకి ఇంకి గాలిని తోసేస్తుంది. దాంతో చూడాల్సినవన్నీ మాయమవుతాయి.

స్లైడ్ మీరే తయారుచేస్తుంటే ఏ జంతువు ఎముకో కూడా చూసుకోండి. ఎలుక ఎముకలో మనిషి ఎముకలోలాంటి ఆస్టియాన్లు దాదాపు ఉండవు. త్వరగా పెరిగే దూడ ఎముకలో ఇటుకల గోడలా పేర్చినట్టున్న మరో అమరిక ఎక్కువగా ఉంటుంది. వలయాలు దొరకలేదని స్లైడ్‌ను తప్పుపట్టే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

రెండో అడుగు: 4 రెట్ల దగ్గర దిక్కులు తెలుసుకోండి

పెద్ద ఆబ్జెక్టివ్‌కు తొందరపడకండి. ముందు మొత్తం ముక్కను చూసి, ఎముక బయటి అంచు ఎటు, మూలుగ ఉండే లోపలి అంచు ఎటు అని తేల్చండి. బయటి అంచున ఎముకను కప్పే పొర, పర్యస్థిక ఉంటుంది. దాని పైపొర పీచుతో గట్టిగా ఉంటుంది, ఎముకకు ఆనుకున్న లోపలి పొరలో కొత్త ఎముకను కట్టగల కణాలు ఉంటాయి. లోపలి అంచును కప్పే పొర, అంతరస్థిక ఒక్క కణం మందంతో ఉంటుంది. తక్కువ పవర్‌లో అది కనబడదు. అరగదీసిన స్లైడ్‌లో ఈ పొరలు రెండూ ఉండవు, అంచుల ఆకారాన్ని బట్టే పోల్చుకోవాలి.

తర్వాత ఏ దిక్కున కోశారో చూడండి. ఎముకను అడ్డంగా కోస్తే ఆస్టియాన్లు గుండ్రంగా కనిపిస్తాయి. నిలువుగా కోస్తే పొడవాటి చారల మధ్య పొడవాటి నాళాలు కనిపిస్తాయి. ఏటవాలుగా కోస్తే గుడ్డు ఆకారాలు వస్తాయి. నిజానికి ఆస్టియాన్ అనేది ఎముక పొడవునా సాగే స్తంభం, కొన్ని మిల్లీమీటర్ల పొడవుంటుంది. మీరు చూస్తున్నది దానిలో ఒక పలుచటి బిళ్ళే.

ఇక్కడే మీ మైక్రోస్కోప్ దృశ్యవలయం ఎంత వెడల్పో లెక్క కట్టుకోండి. ఐపీస్ మీద ఉండే ఫీల్డ్ నంబర్‌ను ఆబ్జెక్టివ్ రెట్లతో భాగించాలి. ఫీల్డ్ నంబర్ 20 అయితే 10 రెట్ల దగ్గర కనిపించే వలయం వెడల్పు 2 మిల్లీమీటర్లు, 40 రెట్ల దగ్గర అర మిల్లీమీటరు. కొలత తెలియకుండా ఎముకను చూస్తే సగమే చూసినట్టు. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

మూడో అడుగు: ఒక్క ఆస్టియాన్‌ను ఎంచుకుని దాని దగ్గరే ఉండండి

10 రెట్లకు వచ్చి, పూర్తి గుండ్రంగా ఉన్న ఒక ఆస్టియాన్‌ను పట్టుకోండి. మధ్యలో ఉన్న రంధ్రం హేవర్షియన్ నాళం. దీని వెడల్పు సుమారు 50 మైక్రాన్లు. సన్నని రక్తనాళాలు, నరాల పోగులు ఇందులోంచే సాగుతాయి. 1691లో లండన్ వైద్యుడు క్లాప్టన్ హేవర్స్ వీటిని వివరంగా వర్ణించాడు కాబట్టి ఆయన పేరే నిలిచింది. ఆయన మాత్రం ఇవి మూలుగలోని నూనె ఎముకంతా పారడానికి ఉన్న దారులనుకున్నాడు.

నాళం చుట్టూ పొరలు లెక్కపెట్టండి. ఒక్కో పొర మందం 3 నుంచి 7 మైక్రాన్లు. ఆస్టియాన్ మొత్తం అడ్డుకొలత సుమారు 200 నుంచి 250 మైక్రాన్లు. అంటే 2 మిల్లీమీటర్ల దృశ్యవలయంలో అది దాదాపు పదో వంతో, కాస్త ఎక్కువో ఆక్రమించాలి. మీరు చూస్తున్న ‘ఆస్టియాన్’ సగం వలయాన్ని ఆక్రమిస్తే అది ఆస్టియాన్ కాదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ వలయాల్లో ఏది పాతది?

చెట్టు మొదలులోని వలయాలు గుర్తొచ్చి, బయటిదే కొత్తదని చెప్పబోతారు. ఆస్టియాన్‌లో దీనికి తలకిందులు. బయటి వలయమే అన్నిటికన్నా పాతది, నాళానికి ఆనుకున్నది అన్నిటికన్నా కొత్తది. ఎముకను తొలిచే ఆస్టియోక్లాస్ట్‌లు ముందుగా ఒక సొరంగం తవ్వుతాయి. రోజుకు సుమారు 40 మైక్రాన్ల చొప్పున అవి ముందుకు సాగుతుంటే వెనకే రక్తనాళం వస్తుంది. ఆ వెనక ఎముకను కట్టే ఆస్టియోబ్లాస్ట్‌లు సొరంగం గోడకు వరుసగా అంటుకుని, బయటి నుంచి లోపలికి పొర మీద పొర వేసుకుంటూ వస్తాయి. మధ్యలో రక్తనాళానికి సరిపడా దారి మిగిలాక ఆగిపోతాయి.

ఎంతకాలం పడుతుందో మీరే లెక్క వేయొచ్చు. సొరంగం అడ్డుకొలత 250 మైక్రాన్లు, చివరికి మిగిలే నాళం 50 అనుకుందాం. అంటే గోడ మందం 100 మైక్రాన్లు. ఆస్టియోబ్లాస్ట్‌లు రోజుకు సుమారు ఒక మైక్రాన్ మందం వేస్తాయి, చివర్లో ఇంకా నెమ్మదిస్తాయి. మూడు నెలలకు పైమాటే. తవ్వడానికి వారాలు చాలు, పూడ్చడానికి నెలలు కావాలి. ఎముకలో తవ్వకాలు ఒక్కసారిగా పెరిగితే పూడిక అందుకోలేక బలం తగ్గిపోవడానికి ఈ వ్యత్యాసమే కారణం.

పక్కపక్కనున్న నాళాలను కలిపే అడ్డదారులు కూడా కనిపిస్తాయి. అవి వోల్క్‌మన్ నాళాలు. వాటి చుట్టూ సొంత వలయాలు ఉండవు, ఉన్న పొరలను అడ్డంగా చీల్చుకుంటూ పోతాయి. వాటిని గుర్తుపట్టడానికి ఇది చాలు.

నాలుగో అడుగు: సిమెంట్ గీతలతో కాలక్రమం రాయండి

ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే చదివే తీరిక ఉంటే ఇదే చదవండి.

ఆస్టియాన్ బయటి అంచు చుట్టూ ఒక సన్నని గీత ఉంటుంది. మందం కొన్ని మైక్రాన్లు మాత్రమే. హెచ్ అండ్ ఈ స్లైడ్‌లో ముదురు నీలంగా కనిపిస్తుంది. దాని పేరు సిమెంట్ గీత. తవ్వకం ఆగి, పూడిక మొదలైన చోటు అదే. గీతను జాగ్రత్తగా చూస్తే నున్నగా ఉండదు, గవ్వ అంచులా వంపులు వంపులుగా ఉంటుంది. ఆస్టియోక్లాస్ట్‌లు కొరికిన గుంటల ఆకారమే అక్కడ ముద్రపడింది. ఇలాంటి వంపుల గీతను తిరుగు గీత అనొచ్చు. వంపులు లేకుండా, పొరలకు సమాంతరంగా, నున్నగా పోయే గీతలూ ఉంటాయి. అక్కడ తవ్వకం జరగలేదు. కట్టుబడి కొంతకాలం ఆగి, మళ్ళీ మొదలైంది. అది విరామ గీత.

ఇప్పుడు ఒకదానికొకటి ఆనుకున్న ఐదారు ఆస్టియాన్లున్న చోటు తీసుకోండి. కాగితం మీద సిమెంట్ గీతలు మాత్రమే గీయండి, ఇంకేమీ వద్దు. గీశాక ఏ గీత దేన్ని కోస్తోందో చూడండి. పూర్తి వలయంగా ఉన్నది కొత్తది. దాని వల్ల తెగిపోయి, నెలవంకలా మిగిలినది పాతది. ఆ నెలవంక కూడా మరో ముక్కను కోసి ఉంటే, ఆ ముక్క ఇంకా పాతది. ఇలా ప్రతి ఆస్టియాన్‌కూ 1, 2, 3 అని పుట్టిన వరుసలో సంఖ్యలు వేయండి. ఆస్టియాన్ల మధ్య సందుల్లో నాళం లేకుండా మిగిలిన పొరల తునకలు ఒకప్పటి ఆస్టియాన్ల శకలాలు. పాఠ్యపుస్తకాలు వీటిని ‘మధ్య పొరలు’ అని ఒక్క మాటలో దాటేస్తాయి. నాకు మాత్రం స్లైడ్‌లో అన్నిటికన్నా విలువైనవి అవే అనిపిస్తాయి, ఎందుకంటే ఈ ఎముక ఇంతకుముందు ఎలా ఉండేదో చెప్పే సాక్ష్యం వాటి దగ్గరే ఉంది.

బయటి అంచు దగ్గర ఎముక చుట్టూ తిరిగే పొరలు కూడా ఉంటాయి. వాటిని ఏ ఆస్టియాన్ అయినా కోసి ఉంటే, ఆ చోట ఆస్టియాన్ తర్వాత వచ్చినట్టే. నాళం మరీ వెడల్పుగా, చుట్టూ పొరలు రెండు మూడే ఉన్న ఆస్టియాన్ కనిపిస్తే గుర్తు పెట్టుకోండి. అది పూడిక మధ్యలో ఉండి ఉండొచ్చు, అన్నిటిలోకీ చిన్న వయసుది. నాళం అంచు గవ్వ వంపులతో, పొరలేమీ లేకుండా ఉంటే ఇంకా తవ్వకమే సాగుతోంది.

చిన్నగా, చుట్టూ సిమెంట్ గీత లేకుండా ఉన్న ఆస్టియాన్లు కూడా తగులుతాయి. అవి ప్రాథమిక ఆస్టియాన్లు. ఎముక మొదటిసారి పెరుగుతున్నప్పుడు రక్తనాళాల చుట్టూ ఏర్పడ్డాయి, దేన్నీ తవ్వి రాలేదు. తవ్వలేదు కాబట్టే గీత లేదు.

వయసు పెరిగేకొద్దీ ఆస్టియాన్లు, వాటి శకలాల సంఖ్య పెరుగుతుంది. ఈ సూత్రం మీదే 1965లో మానవశాస్త్రవేత్త ఎల్లిస్ కెర్లీ తొడ ఎముక, కాలి ఎముకల అడ్డుకోతల్లో వీటిని లెక్కపెట్టి మరణించిన వయసును అంచనా వేసే పద్ధతిని ప్రచురించాడు. ఈ గీతలు గతి తప్పితే ఏమవుతుందో పేజెట్ వ్యాధిలో కనిపిస్తుంది. తవ్వకం, పూడిక రెండూ అదుపు తప్పి సాగడంతో సిమెంట్ గీతలు పగిలిన పెంకులను అతికించినట్టు చిందరవందరగా ఉంటాయి. మామూలు ఎముకలో గీతల వరుస చదవడం వచ్చినవారికి ఆ స్లైడ్ ఒక్క చూపులో తెలిసిపోతుంది.

ఐదో అడుగు: గదులు, సన్న దారులు

అరగదీసిన స్లైడ్‌ను 40 రెట్ల కింద పెట్టండి. కండెన్సర్ కింద ఉన్న ఐరిస్‌ను కాస్త మూయండి. వెలుతురు తగ్గుతుంది కానీ అంచులు తేటపడతాయి. తర్వాత ఫైన్ ఫోకస్‌ను వేలితో మెల్లగా ముందుకు, వెనక్కు తిప్పుతూనే ఉండండి. మందపాటి స్లైడ్ కాబట్టి ఒక్క ఫోకస్‌లో అన్నీ కనబడవు.

గింజలా, 20 మైక్రాన్ల దాకా పొడవున్న నల్లటి గది కనిపిస్తుంది. అదే లాక్యునా, తెలుగు పాఠ్యపుస్తకాల్లో లిక్విణి. పొరల మధ్య, వాటి వంపును అనుసరిస్తూ పడుకుని ఉంటుంది. దాని నుంచి అన్ని వైపులకూ వెంట్రుకల్లాంటి దారులు బయలుదేరతాయి. వీటిని కెనాలిక్యులై అంటారు. వెడల్పు అర మైక్రాన్ లోపే. అవి నాళం వైపు ఎలా సాగుతున్నాయో, పక్క గది దారులతో ఎక్కడ కలుస్తున్నాయో వెంబడించండి.

ఈ దారులు లేకపోతే ఎముకలో ప్రాణం ఉండదు. ఖనిజం గట్టిపడ్డ పదార్థంలో ఆహారం గానీ ఆక్సిజన్ గానీ వాటంతట అవి ఇంకవు. బతికున్న ఎముకలో ప్రతి గదిలో ఒక ఆస్టియోసైట్ ఉంటుంది. దాని చేతులు ఈ దారుల గుండా చాచి పక్క కణాల చేతులను అందుకుంటాయి. చేతుల చుట్టూ ఉన్న సందులో ద్రవం కదులుతుంది. ఎముక మీద బరువు పడినప్పుడు ఆ ద్రవం కదలికే కణానికి తెలుస్తుంది. ఎక్కడ తవ్వాలి, ఎక్కడ కట్టాలి అన్న సంకేతాలు చాలావరకు అక్కడి నుంచే బయలుదేరతాయి. ఎముక కణాల్లో 90 శాతానికి పైగా ఇవే.

ఒక ఆస్టియాన్‌లోని దారులు చాలావరకు దాని సిమెంట్ గీత దాకా వచ్చి ఆగిపోతాయి. గీత దగ్గర ఫోకస్ చేసి మీరే చూడండి. ఆస్టియాన్ అడ్డుకొలత ఎందుకు అంతకు మించి పెరగదో కూడా అప్పుడు అర్థమవుతుంది. నాళం నుంచి చివరి కణానికి సరఫరా అందే దూరమే దాని హద్దు.

ఆరో అడుగు: కణాలను పట్టుకోండి

ఇప్పుడు హెచ్ అండ్ ఈ స్లైడ్‌కు మారండి. ఇక్కడ మీరు వెతకాల్సింది ఎముక అంచులు. కథ అంతా అంచు మీదే నడుస్తుంది.

ఆస్టియోబ్లాస్ట్‌లు అంచు వెంట ఇటుకల్లా వరుస కట్టి ఉంటాయి. ఘనాకారం, నీలి ఛాయ ఉన్న సైటోప్లాజం, ఎముకకు దూరంగా జరిగిన కేంద్రకం, దాని పక్కన పాలిపోయిన చిన్న మచ్చ. ఆ మచ్చ గాల్జీ (కణం తయారుచేసిన ప్రోటీన్లను సర్ది బయటికి పంపే భాగం) ఉన్న చోటు. ఇదే రూపం మూలుగలో యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణానికీ ఉంటుంది, చాలామంది మోసపోతారు. వరుసను చూడండి. ప్లాస్మా కణాలు ఎముక అంచుకు అతుక్కుని వరుస కట్టవు. ఆస్టియోబ్లాస్ట్‌ల కిందే, ఎముకకూ వాటికీ మధ్య కొంచెం పాలిపోయిన గులాబీ పట్టీ ఉంటుంది. అది ఆస్టియాయిడ్, ఇంకా ఖనిజం పట్టని కొత్త పదార్థం. మందం సుమారు 10 మైక్రాన్లు. ఈ పట్టీ ఎంత వెడల్పో ఖనిజం తీసేసిన స్లైడ్‌లో నమ్మకంగా చెప్పలేం, ఎందుకంటే తేడా చూపించాల్సిన ఖనిజమే అక్కడ లేదు. ఎముకకు ఖనిజం సరిగా పట్టని ఆస్టియోమలేసియా అనే వ్యాధిలో ఆస్టియాయిడ్ పట్టీలు వెడల్పవుతాయి. దాన్ని నిర్ధారించాలంటే ఖనిజం తీయకుండా రెసిన్‌లో పొదిగి కోసిన స్లైడ్ కావాలి. ఫాన్ కోసా రంగు వేస్తే అందులో ఖనిజం నల్లగా మారుతుంది, ఆస్టియాయిడ్ నల్లబడదు.

పని లేని అంచుల మీద కణాలు చదునుగా, గీతలా ఉంటాయి. ఇవి విశ్రాంతిలో ఉన్న కప్పు కణాలు. చాలా అంచులు ఇలాగే ఉంటాయి. వరుస కట్టిన ఆస్టియోబ్లాస్ట్‌లు దొరకలేదని కంగారు పడకండి.

ఆస్టియోక్లాస్ట్ దొరికితే ఆనందంగా ఉంటుంది. పెద్ద కణం, 40 నుంచి 100 మైక్రాన్ల దాకా వెడల్పు, గులాబీ సైటోప్లాజం, విడివిడిగా ఐదు నుంచి ఇరవై కేంద్రకాలు. ఎముక అంచున తాను కొరికిన గుంటలోనే కూర్చుని ఉంటుంది. ఆ గుంట పేరు హౌషిప్ లాక్యునా. కణం ఎముకకు చుట్టూ గట్టిగా అంటుకుని, మధ్యలో మూసుకున్న చోటులోకి ఆమ్లాన్ని వదిలి ఖనిజాన్ని కరిగిస్తుంది. మిగిలిన కొల్లాజెన్‌ను కెథెప్సిన్ కే అనే ఎంజైమ్ నరుకుతుంది. గుర్తుంచుకోండి, ఇది ఎముక వంశపు కణం కాదు. రక్తంలోని మోనోసైట్లనే తెల్ల కణాల వంశానికి చెందినది, అనేక కణాలు కలిసిపోయి ఏర్పడుతుంది.

దీన్ని మెగాకేరియోసైట్‌తో (ప్లేట్‌లెట్లను తయారుచేసే కణంతో) పొరబడకండి. అదీ పెద్దదే, మూలుగలోనే ఉంటుంది. కానీ దానికి ఉండేది తమ్మెలు తమ్మెలుగా ముడుచుకున్న ఒకే పెద్ద కేంద్రకం. పైగా అది ఎముక అంచున గుంటలో కూర్చోదు. ఫోకస్ కదిపి కేంద్రకాల మధ్య ఖాళీ ఉందో లేదో చూస్తే సందేహం తీరిపోతుంది.

ఏడో అడుగు: పోలరైజ్డ్ వెలుతురు

ఒక పోలరైజింగ్ ఫిల్టర్‌ను దీపం మీద, రెండోదాన్ని స్లైడ్‌కు పైన పెట్టి, నేపథ్యం పూర్తిగా నల్లబడేదాకా ఒకదాన్ని తిప్పండి. అప్పుడు ఎముక వెలిగిపోతుంది. నాళం మధ్యగా ఒక నల్లటి సిలువ, దాని చేతుల మధ్య వెలుగు చీకట్ల వలయాలు ఒకదాని తర్వాత ఒకటి. నాకు ఎన్నిసార్లు చూసినా తనివి తీరని దృశ్యం ఇది.

ఎందుకలా కనిపిస్తుంది? కొల్లాజెన్ పోగులు వెలుతురుకు ఏ కోణంలో ఉన్నాయన్నదాన్ని బట్టి మెరుస్తాయి. పొర మారగానే పోగుల వాలు మారుతుంది. ప్లైవుడ్‌లో ఒక పలక నార ఒకవైపు, పై పలక నార మరోవైపు పేర్చినట్టే ఇది. ఏ ఒక్క దిక్కు నుంచి చీలిక వచ్చినా పక్క పొర అడ్డుకుంటుంది. పోగు లోపలికి వెళ్తే, కొల్లాజెన్ అణువు పొడవు సుమారు 300 నానోమీటర్లు. అణువులు 67 నానోమీటర్ల అంతరంతో మెట్లుమెట్లుగా పేర్చుకుంటాయి. ఆ సందుల్లో, అణువుల మధ్యలో హైడ్రాక్సీఅపటైట్ రకం ఖనిజపు పలుచటి పలకలు కొలువుంటాయి. ఖనిజం నొక్కుడును తట్టుకుంటుంది, కొల్లాజెన్ లాగుడును తట్టుకుంటుంది. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఎముక ఎముకగా పనికిరాదు. ఆమ్లంలో నానిన ఎముక రబ్బరులా వంగుతుంది, కొల్లాజెన్ కాలిపోయిన ఎముక సుద్దలా పొడి అవుతుంది.

పొరల వరుస లేకుండా మెరుపు ముక్కలు ముక్కలుగా చెదిరి ఉంటే మీరు చూస్తున్నది అల్లిక ఎముక. అందులో పోగులు ఎటు పడితే అటు పరుచుకుంటాయి, గదులు పెద్దవి, గుండ్రనివి, సంఖ్యలోనూ ఎక్కువ. పిండంలో, విరిగిన ఎముక అతుక్కునే చోట, తొందరగా ఎముక కావలసిన ప్రతి చోటా శరీరం ముందు దీన్నే వేస్తుంది. తర్వాత దీన్ని తొలిచి పొరల ఎముకతో మార్చుకుంటుంది.

ఎనిమిదో అడుగు: స్పాంజి ఎముక, ఎదిగే ఎముక

స్పాంజి ఎముక స్లైడ్‌లో గులాబీ ద్వీపాలు, వాటి మధ్య మూలుగ కనిపిస్తాయి. ద్వీపాలనుకుంటున్నవి నిజానికి ఒకదానికొకటి కలిసిన సన్నని దూలాలు. కోత వల్ల విడివిడిగా కనిపిస్తున్నాయి. ఇందులో ఆస్టియాన్ల కోసం వెతకకండి. దూలం మందం చాలావరకు 100 నుంచి 300 మైక్రాన్ల లోపే కాబట్టి మూలుగ వైపు నుంచే సరఫరా అందుతుంది, నడిమి నాళం అవసరం పడదు. కానీ తవ్వకం, పూడిక ఇక్కడా సాగుతాయి, ఇంకా చురుగ్గా. ఆస్టియోక్లాస్ట్‌లు దూలం ఉపరితలం మీద కాలువ తవ్వుతాయి, ఆ కాలువ పూడుతుంది. అందుకే పొరలు నెలవంక ఆకారపు పొట్లాల్లా, వంపుల సిమెంట్ గీతలతో కనిపిస్తాయి. నాలుగో అడుగులో చేసిన సంఖ్యల పనిని ఇక్కడా చేయొచ్చు.

ఎదిగే ఎముక చివరి భాగం స్లైడ్ అయితే, మృదులాస్థి వైపు నుంచి నడవండి. విశ్రాంతి కణాలు, నాణేల దొంతరల్లా పేర్చుకున్న విభజన కణాలు, ఉబ్బిన కణాలు, ఖనిజం పట్టిన మృదులాస్థి, చివరికి ఎముక. నీలి రంగు మృదులాస్థి చువ్వ మీద గులాబీ ఎముక పూత పూసినట్టున్న చోటును పట్టుకోండి. మృదులాస్థి ఎముకగా మారిపోదు, దాని మీద ఎముక కొత్తగా కట్టబడుతుంది. ఆ రెండు రంగుల చువ్వే దానికి నిదర్శనం.

తొమ్మిదో అడుగు: స్లైడ్ చెప్పే అబద్ధాలు

ఖాళీ గదులు కనిపించగానే ఎముక చనిపోయిందని రాయకండి. గది 20 మైక్రాన్ల పొడవు, కోత 5 మైక్రాన్ల మందం. కేంద్రకం ఉన్న చోటు కోతలో పడకపోవచ్చు. ఆమ్లంలో ఎక్కువసేపు నానినా కేంద్రకాలకు నీలి రంగు పట్టదు. ఒక ప్రాంతమంతా వరుసగా గదులు ఖాళీగా ఉండి, పక్కన మూలుగ కూడా పాడై ఉంటేనే నిజంగా చనిపోయిన ఎముక అనుకోవాలి.

గది గోడకూ కణానికీ మధ్య పెద్ద ఖాళీ కనిపిస్తే అది చాలావరకు తయారీలో కణం ముడుచుకుపోవడం వల్ల వచ్చిందే. మూలుగ సందుల్లో గరుకు అంచులున్న గులాబీ తునకలు రంపపు పొడి కావచ్చు. వాటి అంచున కణాలు అతుక్కుని ఉండవు. అరగదీసిన స్లైడ్‌లో ఎముక పొరలను పట్టించుకోకుండా ఒకే దిక్కున సాగే సమాంతర గీతలు గరుకు కాగితం గీరిన గుర్తులు.

చివరిగా: గీయండి

ఫోటో తీయడం తేలికే. కానీ ఫోటో మీ బదులు నిర్ణయాలు తీసుకోదు. పెన్సిల్ పట్టుకుంటే ఈ గీత ఇక్కడ ఆగిందా, ఆ ఆస్టియాన్ కిందికి పోయిందా అని తేల్చుకోక తప్పదు. ముందు దృశ్యవలయం వెడల్పు రాయండి. తర్వాత సిమెంట్ గీతలు, వాటి మీద పుట్టిన వరుస సంఖ్యలు. ఆ తర్వాత నాళాలు, పొరల దిక్కు. గదులను అన్నీ కాకుండా నాలుగైదు మాత్రం, దారులతో సహా వేయండి. పేర్లు చివర్లో రాయండి. వరుస తేలని రెండు ఆస్టియాన్లుంటే వాటి మధ్య గీత దగ్గర ప్రశ్నార్థకం పెట్టి, స్లైడ్‌ను మళ్ళీ 40 రెట్ల కిందికి తీసుకెళ్ళి ఆ ఒక్క గీతనే చూడండి.